చెప్పకుండా వచ్చే చుట్టాలు

ఇంటికి చుట్టాలొస్తుంటే కాకి ముందే అరిచి చెబుతుందంటారు. సెప్టెంబరులో మన పెరట్లోకి దిగే చుట్టాల సంగతి మాత్రం ఏ కాకీ చెప్పదు. ఉత్తరం రాదు, ఫోను రాదు. ఒకరోజు పొద్దున బోరింగు దగ్గర, గిన్నెలు తోమిన నీళ్లు పారే చోట, నిన్నటిదాకా లేని పిట్ట ఒకటి కనిపిస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వీపు బూడిద రంగు, పొట్ట కింద పసుపు. నాలుగడుగులు వేస్తుంది, తోక పైకీ కిందికీ ఊపుతుంది. మళ్లీ నాలుగడుగులు... మళ్లీ తోక. పిచ్చుకలా గెంతదు. మనలాగే ఒక కాలు తర్వాత ఒక కాలు వేసి దర్జాగా నడుస్తుంది.

మీలో చాలామంది చూసే ఉంటారు. చూసి, ‘ఏదో పిట్ట’ అనుకుని బకెట్ నింపుకుని లోపలికి పోయి ఉంటారు. ఆ ఏదో పిట్ట బరువు 20 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఐదు రూపాయి బిళ్లలు అరచేతిలో పెట్టుకుంటే ఎంతో, అంత. వేసవంతా అది హిమాలయాల్లోనో, ఇంకా అవతల మధ్య ఆసియాలోనో, సైబీరియాలోనో ఓ కొండవాగు పక్కన గడిపింది. అక్కడే గూడు కట్టింది, పిల్లల్ని పెంచింది. చలిగాలి మొదలవుతుందనగా బయల్దేరి, వచ్చి వచ్చి కరీంనగర్‌లో మన బోరింగు పక్కన దిగింది!

ఇంగ్లిష్‌లో దీన్ని గ్రే వాగ్‌టెయిల్ అంటారు. ఈ తోకాడించే పిట్టలకు మన నిఘంటువుల్లో ఉన్న పేరు కాటుక పిట్ట. సంస్కృతంలో ఖంజరీటం, ఖంజనం. చురుకైన కళ్లను వర్ణించాల్సి వచ్చినప్పుడల్లా కవులకు గుర్తొచ్చింది ఇదే. శరదృతువు వచ్చిందనడానికి గుర్తు కూడా ఇదే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడైతే బృహత్సంహితలో ఖంజన పక్షికి ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. ఎక్కడ కనిపిస్తే ఏ ఫలమో అందులో చెప్పాడు. ఆ ఫలాల మాట ఎలా ఉన్నా, ఈ పిట్ట ఎప్పుడొస్తుందా అని 1500 ఏళ్ల కిందట జనం కాచుకుని చూసేవారని అర్థమవుతోంది కదా.

ఇప్పుడూ చూసేవాళ్లు లేకపోలేదు. మా వీధిలో ఓ అవ్వ ఉంది. పిట్టల పుస్తకాల సంగతి ఆమెకు తెలియదు. ‘ఈ పిట్ట కొత్తగా వచ్చింది చూశావా అవ్వా?’ అని అడిగితే నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసింది. ‘‘కొత్తదేంది బిడ్డా? గిది ప్రతేడు గీ యాల్లకే అస్తది. బతుకమ్మ పండుగకు ముంగట అస్తది, కాముణ్ని కాల్చినంక పోతది’’ అంది. పుస్తకాల్లో రాసింది కూడా అంతే. సెప్టెంబరులో రాక, మార్చి, ఏప్రిల్‌లో పోక. అవ్వ మాటల్లో నన్ను పట్టేసింది తేదీలు కాదు... ‘గిది’ అన్న మాట. ఆ జాతి పిట్టలు వస్తాయని ఆమె అనలేదు. ఇదే వస్తుందంది.

నిజమేనా? నిజం అయ్యే అవకాశమే ఎక్కువ. బొంబాయి నగరం నడిబొడ్డున ఓ చిన్న పచ్చిక మడికి, కాలికి రింగు తొడిగిన ఒక గ్రే వాగ్‌టెయిల్ ఏటా తిరిగొచ్చిన సంగతి సలీం అలీ తన పుస్తకంలో రాశాడు. అంత పెద్ద నగరంలో వేరే జాగా లేకనా? పక్షి తిరిగొచ్చేది దేశానికో, జిల్లాకో కాదు. నిరుడు చలికాలం తనకు తిండి దొరికిన చోటికి. ఆ బావిగడ్డకు, ఆ జామచెట్టు కిందికి. అన్నట్టు, ఈ సలీం అలీ మనకు పరాయివాడేం కాదు. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన మనిషి. కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు ఆ రాజ్యంలోవే. 2016 దసరా నాడు ఈ రెండు జిల్లాలూ ముక్కలై కొత్త జిల్లాలు వచ్చాయి. నాలాంటి వాళ్లకు ఇప్పటికీ ఏ మండలం ఎక్కడో తికమకే. పిట్టలకు ఆ ఇబ్బంది లేదు. వాటి లెక్కంతా ఇల్లూ, చెట్టూ, నీళ్లే.

ఒకరు వస్తుంటే ఇంకొకరు వెళ్తుంటారు. ఉత్తర కార్తె నడిచే రోజుల్లో పెరట్లో వినిపించకుండా పోయే గొంతు చాతకానిది. తల మీద కుచ్చు, పైన నలుపు, కింద తెలుపు. మృగశిర నాటికి ఆఫ్రికా నుంచి వానతో పాటే వచ్చి, చింతచెట్ల మీద ‘పియూ... పియూ’ అని అరుస్తూ తిరిగింది. కోకిల జాతిది కాబట్టి గూడు కట్టే పని పెట్టుకోదు. గుంపులుగా తిరుగుతూ కంపల్లో గోల చేసే బూడిద రంగు పిట్టలుంటాయి చూడండి, వాటి గూట్లో గుడ్డు పెట్టేస్తుంది. పెంచిన తల్లి పుట్టి బుద్ధెరిగి ఊరి పొలిమేర దాటి ఎరగదు. పెరిగిన పిల్ల మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లో సముద్రం అవతలికి బయల్దేరుతుంది! దారి ఎవరు చెప్పారు? డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 2020లో రెండు చాతకాలకు ఉపగ్రహ ట్యాగులు కట్టి ‘మేఘ్’, ‘చాతక్’ అని పేర్లు పెట్టింది. ఈ ప్రయాణం సంగతేమిటో తేల్చడానికే. అరేబియా సముద్రం దాటి పోవడం, రావడం అంటే మన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇళ్లకు వేరే వివరించనక్కర్లేదు. మనిషి మస్కట్‌లో ఉంటే ఇంట్లో క్యాలెండర్ మీద లెక్కలు ఎలా నడుస్తాయో వాళ్లకు తెలుసు.

ఈ నెలలో కరెంటు తీగలు కూడా చూడండి. సాయంత్రం ఐదున్నర దాటాక, ఊరి బయట చెరువు కట్ట వెంబడి పోయే తీగల మీద చిన్న చిన్న నల్లని గుర్తులు వరసగా పేర్చినట్టు ఉంటాయి. వానకోవెలలు. చీలిన తోక, నీలి నలుపు వీపు, గొంతు దగ్గర ఇటుక రంగు. ఒక్కసారిగా లేచి గాలిలోనే పురుగులు పట్టుకుంటాయి. ఇంట్లో పిల్లలుంటే లెక్కపెట్టమనండి. లెక్క పూర్తికాక ముందే ఎగిరిపోతాయి. అదే ఆట.

ఆ తీగలు వదిలి పెరటి కంచె మీదికి వస్తే మరో ఘనుడు. మట్టి రంగు వీపు, కళ్లకు అడ్డంగా నల్లపట్టీ. బందిపోటు వేషం కట్టినట్టుంటుంది. పేరు బ్రౌన్ ష్రైక్. సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనాల్లో పుట్టి పెరిగే పిట్ట. వచ్చిన మొదటి రోజుల్లో గరగరమని ఒకటే అరుపు. ఇది నా జాగా, ఇంకెవరూ రావద్దని హెచ్చరిక. మిడతనో, చిన్న బల్లినో పట్టి ముల్లుకు గుచ్చి మరీ తింటుంది. అందుకే ఈ జాతిని ఇంగ్లిష్‌వాళ్లు కసాయి పిట్టలన్నారు. వాస్తవానికి కసాయి పనితో మనకు మేలే... తోటలో మిడతలు తగ్గుతాయి.

మిడతలంటే గుర్తొచ్చింది. ఆదిలాబాద్ వైపు చెప్పుకోవాల్సిన వలస పిట్ట ఒకటుంది. గులాబి గోరింక. ఒళ్లంతా లేత గులాబి, తల, రెక్కలు, తోక నలుపు. ఒకటీ రెండూ రావు, మబ్బులా వస్తాయి. ఎండాకాలంలో మధ్య ఆసియా మైదానాల్లో మిడతల దండు ఎక్కడుంటే అక్కడే గూళ్లు పెడతాయి. చైనాలోని షింజియాంగ్‌లో మిడతల బెడద తగ్గించుకోవడానికి ప్రభుత్వమే రాళ్లు, ఇటుకలు పేర్చి వీటికి గూళ్లు కట్టిస్తోంది. అంత గౌరవం అక్కడ! ఇక్కడికొచ్చేసరికి వీటి చూపు జొన్న కంకుల మీద. 1860లలో భారత దేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం రాసిన డాక్టర్ జెర్డన్, దీని తెలుగు పేరు పలిస పిట్ట అని రాసుకున్నాడు. ఇంగ్లిష్ దొరలు దీన్ని జొన్న పిట్ట అనేవారని కూడా రాశాడు. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పి వీటిని తోలడం మన తాతల తరానికి పంట కాలంలో రోజూ ఉండే పని.

ఆ పని ఇప్పుడు ఎందరికి ఉంది? ఆదిలాబాద్ అంటే పత్తి. మార్కెట్ యార్డులో చూసినా, రోడ్డు వెంట చూసినా తెల్ల బంగారమే. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు గోండు గూడేల్లో జొన్న ఇంకా వేస్తున్నారు గానీ, ఒకప్పటి జొన్న చేలు ఎక్కడివి? రైతును అనడానికి లేదు, జొన్నతో అప్పు తీరదు. పిట్ట మాత్రం వస్తూనే ఉంది. జొన్న లేకపోతే మర్రిపళ్లు, రావిపళ్లు తింటుంది. పత్తిచేలో పురుగులూ తింటుంది. అసలు చిక్కు అక్కడే.

1995-96లో అర్జెంటీనాలో జరిగింది చెబుతాను. ఉత్తర అమెరికాలో గూడు పెట్టే స్వెయిన్సన్స్ హాక్ అనే డేగలు తగ్గిపోతుంటే, ఎందుకో అక్కడి వాళ్లకు అంతుపట్టలేదు. గూళ్లు బాగానే ఉన్నాయి, పిల్లలూ బాగానే ఉన్నాయి. ఉపగ్రహ ట్యాగులు కట్టి వెంబడిస్తే, అవి చలికాలం గడిపే అర్జెంటీనా పొలాల్లో చచ్చిపడి ఉన్న డేగలు వేలల్లో దొరికాయి. మిడతలకు కొట్టిన మందు వాటినీ చంపింది. ఆ మందు పేరు మోనోక్రోటోఫాస్. మన పత్తి రైతు నోట ‘మోనో’. అర్జెంటీనా దాన్ని ఆపేశాక డేగలు కోలుకున్నాయి. మన కేంద్ర ప్రభుత్వం దాని 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ 2023లో ఉత్తర్వు ఇచ్చింది. పుట్టిన చోట ఎంత కాపాడినా, చలికాలం ఉండే చోట బాగా లేకపోతే పిట్ట దక్కదు. మనం ఆ చలికాలపు చోటులో ఉన్నాం.

ఇంతకీ దారి ఎవరు చెప్పారన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. చిన్న పిట్టల్లో చాలావరకు రాత్రిపూట ప్రయాణిస్తాయి. చల్లగా ఉంటుంది, గాలి నిదానంగా ఉంటుంది, డేగల భయం తక్కువ. భూమి అయస్కాంత శక్తినీ, నక్షత్రాలనూ బట్టి దిక్కు తెలుసుకుంటాయి. అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త 1960లలో, 70లలో తారామండలంలో ఓ ప్రయోగం చేశాడు. ఇండిగో బంటింగ్ అనే వలస పిట్ట పిల్లల్ని తెచ్చి, ఆకాశం ధ్రువ నక్షత్రం చుట్టూ కాకుండా ఆర్ద్ర నక్షత్రం చుట్టూ తిరుగుతున్నట్టు చూపించాడు. మన రైతులు ఆరుద్ర కార్తె అంటారే, ఆ నక్షత్రమే. వలసకాలం రాగానే ఆ పిల్లలు ఆర్ద్ర ఉన్న వైపే ఉత్తరం అనుకుని దానికి వీపు పెట్టి బయల్దేరబోయాయి! అంటే పుట్టినప్పుడు తెచ్చుకున్నది కొంత, చిన్నప్పుడు గూట్లోంచి ఆకాశాన్ని చూసి నేర్చుకున్నది కొంత.

పిట్టలే కాదు, ఈ రోజుల్లో వాకిట్లో మూకుమ్మడిగా తిరిగే తూనీగలు చూశారా? వాటిలో పసుపు రంగువి చాలావరకు ప్రయాణికులే. ఇవి భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా చేరతాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో ప్రతిపాదించాడు. వాటి వెనకే, వాటినే తింటూ, అమూర్ డేగలు వెళ్తాయట. 2025 నవంబరులో మణిపూర్‌లో ట్యాగు కట్టిన మూడు అమూర్ డేగల్లో అలాంగ్ అనే ఆడది కెన్యాకు పోతూ పోతూ ఒక రాత్రి మన తెలంగాణలోనే ఆగింది. ఏ ఊరి చెట్టు మీద పడుకుందో ఆ ఊరివాళ్లకు తెలిసి ఉండదు.

ఇక దసరా. జమ్మి చెట్టు దగ్గరికి పోతూ పాలపిట్టను చూడకపోతే మనకు పండుగ పూర్తికాదు. పాలపిట్ట సైబీరియా చుట్టం కాదు, ఇక్కడిదే. వానలు వెనకబట్టాక పొలాల గట్ల మీద, తీగల మీద కూర్చుని కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రానికి అదే రాష్ట్ర పక్షి, తెలంగాణ కూడా దాన్నే ఉంచుకుంది. అయితే 2023లో వచ్చిన భారత పక్షుల నివేదిక చూస్తే గుండె కాస్త గుబులుమంటుంది. దేశమంతటా ముప్పై వేల మందికి పైగా మామూలు జనం తమ ఇంటి దగ్గరా, ఊళ్లోనూ చూసి రాసుకున్న లెక్కల మీద తయారైన నివేదిక అది. దీర్ఘకాలపు ధోరణి తేల్చగలిగిన జాతులు 338. వాటిలో 60 శాతం తగ్గుతున్నాయి. 30 శాతం, అంతకు మించి తగ్గిపోయిన 14 జాతుల జాబితాలో పాలపిట్ట ఉంది! ఇన్ని తగ్గుతుంటే, కొందరు దాన్ని పట్టి, రెక్కలు కత్తిరించి పంజరంలో పెట్టి దసరా నాడు దర్శనానికి డబ్బులడుగుతారు. పది రూపాయలిచ్చి దండం పెట్టేవాళ్లు ఉన్నంతకాలం వచ్చే ఏడు ఇంకో పిట్టకు ఉచ్చు పడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అలాంటి వాళ్లు కనిపిస్తే అటవీశాఖకు ఫోను చేయొచ్చు.

మళ్లీ పెరటికి వద్దాం. పాత గూనపెంకుల ఇళ్లలో కట్టుబడి సగమైతే ఖాళీ జాగా సగం. వేపచెట్టు, జామ, మునగ, మందారం, ఒక మూల చేదబావి, ఇంకో మూల పెంటకుప్ప. వలస వచ్చిన పిట్టకు కావాల్సినవన్నీ అందులోనే ఉండేవి. తడి నేల, రాలిన ఆకులు, ఆకుల కింద పురుగులు. ఇప్పుడు అన్నదమ్ములు పంచుకున్నాక, జాగా ధర పెరిగాక, గోడ నుంచి గోడ దాకా స్లాబు. మిగిలిన నాలుగు గజాల్లో పార్కింగ్ టైల్స్. కట్టుకున్నవాళ్లను తప్పు పట్టలేం, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, గదులు కావాలి. కాకపోతే ఆ జాగా మీద హక్కు ఉందనుకుంటున్న ఐదు రూపాయి బిళ్లల ప్రాణి ఇంకొకటుంది. సేల్ డీడులో దాని పేరుండదు. సెప్టెంబరులో అది వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి, నిరుటి బావిగడ్డ కోసం వెతుక్కుంటుంది. పక్క పెరటికి పోదామంటే అక్కడ ముందే వచ్చినది కాపలా కాస్తుంటుంది, తరిమేస్తుంది. ఊరే మునిగిపోయాక ఎక్కడికని తిరిగిరావాలో మధ్య మానేరు ముంపు గ్రామాల వాళ్లను అడిగితే చెబుతారు.

ఒక పిట్ట రాలేదని తెలియాలంటే అది నిరుడు వచ్చిందని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఉండాలి. పెద్ద పని కాదు. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండర్ చాలు. పాల లెక్క రాసే చోటే, తోకాడించే పిట్ట మొదట కనిపించిన తేదీ ఒక గీత గీయండి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది లోపు ఓ పావుగంట కూర్చోండి. దుర్భిణి లేకపోయినా ఫర్వాలేదు. లోతులేని మట్టి మూకుడులో నీళ్లు పోసి పిల్లి ఎక్కలేని చోట పెట్టండి, రోజూ మార్చండి. ఆకులన్నీ ఊడ్చి కాల్చకుండా ఓ మూల వదిలేయండి. ఆ మూలే వీటి వంటిల్లు.

ఒక్క జాగ్రత్త. చెరువు గట్టున ఏడాది పొడుగునా కనిపించే నలుపూ తెలుపూ తోకాడించే పిట్ట ఉంది. కంటి మీద తెల్లని కనుబొమ అద్దినట్టుంటుంది. అది ఇక్కడి స్థానికురాలు, దాన్ని చూసి తేదీ రాసుకోకండి. పొట్ట కింద పసుపుంటేనే మన దూరపు చుట్టం.

ఆ తర్వాత వరస ఎలా ఉంటుందో కూడా చెబుతాను. మామిడి ఆకుల మధ్య ‘చిస్‌వీ’ అంటూ కనపడకుండా తిరిగే ఆకుపచ్చ పిట్ట గ్రీనిష్ వార్బ్లర్. బరువు ఎనిమిది గ్రాములు. అది ఇప్పటికే వచ్చి ఉంటుంది, చెవి పెట్టండి. బతుకమ్మను సాగనంపే నాటికి గోడల మీద, పెంకుల మీద మరో పిట్ట దిగుతుంది. ఒళ్లు మసి రంగు, పొట్టా తోకా ఇటుక రంగు, ఆ తోక చలి జ్వరం వచ్చినట్టు ఎప్పుడూ వణుకుతుంటుంది. బ్లాక్ రెడ్‌స్టార్ట్. జెర్డన్ డాక్టరు దీనికి రాసుకున్న తెలుగు పేరు నూనెబుడ్డిగాడు. ఆ పేరు మీ ఊళ్లో ఎవరి నోటనైనా ఇంకా ఉంటే ఓ కార్డు ముక్క రాసి పంపండి.